ఆక్స్‌ఫర్డ్ వీధుల్లో మన కార్నీలియా

ఆక్స్‌ఫర్డ్ అనగానే చాలామందికి డిక్షనరీ గుర్తొస్తుంది. నాకు మాత్రం చీర కట్టుకుని ఆ పాతకాలపు రాతి వీధుల్లో నడిచిన కార్నీలియా సొరాబ్జీ గుర్తొస్తారు.

ఆవిడ 1866లో నాసిక్‌లో పుట్టారు. తల్లి ఫ్రాన్సినా పూనాలో బడులు నడిపేవారు. ఒకసారి ఓ వితంతువు వాళ్లింటికొచ్చి, తన ఆస్తి చూసే మనిషే దాన్ని ఎలా కాజేశాడో చెప్పుకుని ఏడ్చిందట. ఘోషాలో ఉండే ఆడవాళ్లు మగ ప్లీడరు ఎదుటికి రాకూడదు. మరి వాళ్ల గోడు వినేదెవరు? లా చదవాలన్న పట్టుదల కార్నీలియాకి అక్కడే పుట్టింది.

దక్కన్ కాలేజీలో ఫస్టొచ్చినా, ఆడపిల్లవి కనక ఇంగ్లండు స్కాలర్‌షిప్పు ఇవ్వం పొమ్మన్నారు. చివరికి ఫ్లారెన్స్ నైటింగేల్ వంటివాళ్లు తలా కొంత వేసుకుంటే, 1889లో సోమర్‌విల్‌లో చేరారు.

ఆవిడ నడిచిన దారి ఎలాంటిదోనని మ్యాప్ ముందేసుకుని చూశాను. వుడ్‌స్టాక్ రోడ్డులో హాస్టలు. కాస్త కిందికి దిగితే 13వ శతాబ్దం నాటి బేలియల్ కాలేజీ. దాని పెద్ద బెంజమిన్ జోవెట్ ఈ పిల్లని సొంత మనిషిలా ఆదరించారు. ఇంకొంచెం ముందుకెళితే 1602లో తెరిచిన బోడ్లియన్ లైబ్రరీ, గుండ్రటి గోపురంతో రాడ్‌క్లిఫ్ కెమెరా, ఆ పక్కనే 1438లో పెట్టిన ఆల్ సోల్స్ కాలేజీ. అన్నీ మగవాళ్ల కోటలే! ఆల్ సోల్స్ లైబ్రరీలో కూర్చుని చదువుకునే అనుమతి దొరికిన మొదటి స్త్రీ కార్నీలియానే.

1892లో లా పరీక్ష దగ్గర మళ్లీ పేచీ. మగవాళ్లతో కలిసి రాయకూడదన్నారు. విడిగా రాస్తే ఆ చదువుకి విలువేదని ఆవిడ పట్టుబట్టారు. ఆఖరి ఘడియలో యూనివర్సిటీ ప్రత్యేకంగా అనుమతి తీర్మానం చేసింది. రాశారు, పాసయ్యారు. పట్టా మాత్రం చేతికి రాలేదు. అక్కడ ఆడవాళ్లకు డిగ్రీలివ్వడం 1920లోగానీ మొదలవలేదు. ఆవిడ తన పట్టా అందుకున్నది 1922లో. ముప్ఫయ్యేళ్ల తర్వాత! నాకు ఒళ్లు మండిపోయేది ఇక్కడే.

ఆ ముప్ఫయ్యేళ్లూ ఆవిడ ఊరికే కూర్చోలేదు. 1904 నుంచి కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో పనిచేస్తూ, పరదాల వెనకున్న ఆరువందల మందికి పైగా స్త్రీలకు, దిక్కులేని పిల్లలకు అండగా నిలిచారు. 1923లో చట్టం మారాక కలకత్తాలో ప్రాక్టీసు పెట్టారు. స్వాతంత్ర్య ఉద్యమాన్ని ఆవిడ వ్యతిరేకించారు. అది మాత్రం నాకు మింగుడుపడదు. 1954లో లండన్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు మనకి పరదాలు లేవు. అయినా ఇంట్లోవాళ్లు చూపించిన చోట, చదవకుండానే సంతకం పెట్టేవాళ్లం ఇంకా ఎంతమందిమి లేం? ఈసారి కాగితం ముందుకొస్తే కళ్లజోడు పెట్టుకుని ఓసారి చదవండి. ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.