షావుకారు ఖాతా విప్పించిన ఛోటూరామ్

మన జిల్లాల్లో సర్ ఛోటూరామ్ పేరు విన్నవారు తక్కువ. హర్యానా, పంజాబ్ పల్లెల్లో మాత్రం ఆయన పేరు ఎరుగని రైతు ఉండడు. వడ్డీ వ్యాపారికి లైసెన్సు ఉండాలని, బాకీదారుకు లెక్క చూపాలని, అసలుకు రెండింతలు ముట్టిన తరువాత బాకీ చెల్లినట్లేనని చట్టంలోకి ఎక్కించడానికి జీవితమంతా పోరాడిన మనిషి ఆయన.

1881 నవంబరు 24న రోహ్‌తక్ జిల్లా గఢీ సాంప్లా గ్రామంలో ఒక చిన్న జాట్ రైతు ఇంట పుట్టారు. తండ్రి సుఖీరామ్‌కు ఉన్నది కొద్దిపాటి మెట్ట భూమి, దాని మీద అప్పు. పై చదువుకు డబ్బు కావలసి వచ్చి కొడుకును వెంటబెట్టుకుని సాంప్లా షావుకారు దగ్గరకు వెళ్ళాడట. సొంత కొడుకు పక్కనే ఖాళీగా కూర్చుని ఉండగా, ఆ షావుకారు అప్పు అడగవచ్చిన పెద్దమనిషిని పంకా తాడు లాగమన్నాడట. తండ్రి మారు మాట్లాడక తాడు అందుకున్నాడు. కుర్రవాడికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఈ సంగతి ఆ ప్రాంతంలో ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు.

చదువు ఆగలేదు. సేఠ్ ఛాజూరామ్ అనే దాత ఆదుకోగా 1905లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో బి.ఎ. పూర్తిచేశారు. ఆగ్రాలో లా చదివి, 1912లో రోహ్‌తక్‌లో వకీలుగా బోర్డు కట్టారు. కోర్టులో ఆయన కళ్ళారా చూసినది ఒకటే: దావా వేసేది షావుకారు, సాక్ష్యంగా తెచ్చేది తన చేత్తో తాను రాసుకున్న ఖాతా పుస్తకం, వేలిముద్ర వేసిన రైతుకు అందులో ఏముందో తెలియదు. అంకె వేయకుండా ప్రాంసరీ నోటు మీద సంతకం తీసుకోవడం మన ఊళ్ళలోనూ ఎరగని విద్యేమీ కాదు!

పంజాబు రైతుల అప్పు 1921 నాటికి సుమారు 90 కోట్లని ఆ రోజుల్లో సహకార శాఖలో పనిచేసిన మాల్కం డార్లింగ్ లెక్కగట్టారు. ఆయన పరిశీలించిన భూస్వంతదారుల్లో అప్పు లేనివారు నూటికి 17 మంది మాత్రమే.

ఛోటూరామ్ 1916లో ‘జాట్ గెజెట్’ అనే ఉర్దూ వారపత్రిక పెట్టి ఈ సంగతులన్నీ రాశారు. మొదట రోహ్‌తక్ జిల్లా కాంగ్రెసుకు అధ్యక్షులుగా ఉండి, సహాయ నిరాకరణతో విభేదించి 1920లో బయటకు వచ్చారు. 1923లో ఫజల్-ఇ-హుసేన్‌తో కలిసి యూనియనిస్టు పార్టీని నిలబెట్టారు. హిందూ, ముస్లిం, సిక్కు రైతులు ఒకే పార్టీలో ఉండటం దాని బలం. తెల్లదొరల ప్రభుత్వంతో సఖ్యంగా ఉన్నారనే నింద ఆయనకు తప్పలేదు, అది అబద్ధమూ కాదు. 1937లో సర్ బిరుదు కూడా పుచ్చుకున్నారు.

ఇక చట్టాల సంగతి. 1930 నాటి లెక్కల క్రమబద్ధీకరణ చట్టం ప్రతి బాకీదారుకూ వేరే లెక్క రాయాలని, ఆరు నెలలకోసారి దాని నకలు ఇవ్వాలని అన్నది. ఇవ్వకపోతే వడ్డీకీ ఖర్చులకూ ఎసరు. 1934లో ఋణ ఉపశమన చట్టం వచ్చింది. రాజీ బోర్డులు ఏర్పడ్డాయి. అసలుకు రెండింతలు మించి కోర్టు డిక్రీ ఇవ్వరాదన్నారు. ఇది మన ధర్మశాస్త్రాల్లోని పాత సూత్రమే, దాన్నే ‘దామ్‌దుపట్’ అంటారు. పాడి గేదెను, బండి లాగే పశువును జప్తు చేయడానికి వీల్లేదన్నారు. 1936 చట్టం కొన్ని మినహాయింపులతో నిలిచి ఉన్న పైరుకూ రక్షణ ఇచ్చింది.

1937లో సికందర్ హయత్ ఖాన్ మంత్రివర్గంలో ఛోటూరామ్ మంత్రి అయ్యారు. 1938లో వడ్డీ వ్యాపారుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. లైసెన్సు లేనివాడి దావా కోర్టు గుమ్మం దాటదు. దొంగ లెక్క రాస్తే ఉన్న లైసెన్సూ పోతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా పదునైనది ఇదే. వడ్డీ రేటు ఇంతేనని కాగితం మీద రాస్తే షావుకారు మరో కాగితం రాయించుకుంటాడు. వసూలుకు కోర్టు దారి మూస్తే దిగివస్తాడు. అదే ఏడాది వచ్చిన మరో చట్టంతో 1901 జూన్ 8కి ముందు తాకట్టు పడిన పొలాలను కలెక్టరుకు అర్జీ పెట్టుకుని విడిపించుకునే వీలు కలిగింది.

రైతులు వీటిని బంగారు చట్టాలన్నారు. వ్యాపారులు నల్ల చట్టాలని హర్తాళ్ళు చేశారు. అయితే ఒక లోటు చెప్పక తప్పదు. అక్కడ సేద్యకులాలుగా ప్రభుత్వం గుర్తించినవారికే భూమి రక్షణ దక్కింది. సెంటు భూమి లేని దళిత కూలీకి పొలం కొనుక్కునే హక్కే లేకపోయింది. షావుకారు తప్పుకున్న చోట అప్పిచ్చే పెద్ద రైతు వచ్చి కూర్చున్నాడు. 1938లోనే చట్టానికి సవరణ చేసి అతన్నీ అదుపు చేయబోయారు గాని, అది ఎంతవరకు ఆగిందన్నది వేరే మాట.

సరిగ్గా ఆ ఏడాదే మన కోస్తా, రాయలసీమ జిల్లాలకూ ఇటువంటి ఊరట దొరికింది. రాజాజీ ముఖ్యమంత్రిగా, ప్రకాశం పంతులుగారు రెవెన్యూ మంత్రిగా ఉన్న మద్రాసు ప్రభుత్వం వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం తెచ్చి, 1932 అక్టోబరు 1కి ముందరి అప్పుల మీద పేరుకున్న వడ్డీని కొట్టివేసింది. ఆ తరువాత మన వాళ్ళు 2010లో మైక్రోఫైనాన్స్ చట్టం చూశారు, 2015లో విజయవాడ కాల్‌మనీ గొడవ చూశారు, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో లోన్ యాప్‌లు చూస్తున్నారు. లైసెన్సు ఉన్నదా, లెక్క చూపుతున్నారా అన్న ఆ రెండు ప్రశ్నలే వీటికీ వేయవలసి వస్తోంది.

ఛోటూరామ్ చివరి రోజుల్లో భాక్రా ఆనకట్ట పనిలో పడ్డారు. దాని కోసం బిలాస్‌పూర్ రాజాతో ఒప్పందం కుదిరిన కొద్ది కాలానికే, 1945 జనవరి 9న లాహోరులో కన్నుమూశారు. తాకట్టు భూముల చట్టం చెల్లదని వ్యాపారులు నడిపిన వ్యాజ్యం అప్పటికి ఇంకా తేలలేదు. అది లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. చట్టం చెల్లుతుందని అక్కడ తీర్పు వచ్చేనాటికి ఆయన లేరు.