పెద్దలకు అక్షరం నేర్పిన దుర్గాబాయమ్మ గారు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయురాలి జీవితం గురించి వ్రాయమని కార్యదర్శి గారు కోరగా, శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని ఎంచుకున్నాను.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ బంధం తనకు వద్దని ధైర్యంగా చెప్పి విడిపోయారు. ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేసి, చిన్న వయసులోనే రాజమండ్రిలో హిందీ పాఠశాల పెట్టి, తనకంటే పెద్దవారైన స్త్రీలకు కూడా పాఠం చెప్పారు.

1930 ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్ళారు. మనకు దగ్గరలోని వెల్లూరులోను, తరువాత మధురలోను శిక్ష అనుభవించారు. చదువు లేక, చట్టం తెలియక శిక్షపడిన ఆడవాళ్ళను అక్కడ కళ్ళారా చూశారు. బయటకు వచ్చి, బెనారసు మెట్రిక్ పరీక్షకు కూర్చుని, బి.ఏ., ఎం.ఏ. పూర్తిచేసి, 1942లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు. అంతకు ముందే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. బడికి పోయే వయసు దాటినవారికి ఆ బెనారసు పరీక్షకే అక్కడ శిక్షణ ఇచ్చారు. కుట్టుపని, చేతిపనులు కూడా నేర్పించారు.

రాజ్యాంగసభ సభ్యురాలిగా పనిచేసిన ఆమె 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ ఏడాదే ఆర్థికమంత్రి శ్రీ సి.డి. దేశ్‌ముఖ్ గారిని వివాహమాడారు. అప్పట్లో పల్లెలకు నర్సులు, పంతులమ్మలు, గ్రామసేవికలు కావలసి వచ్చారు. అర్హతగల ఆడవాళ్ళు దొరకలేదు. పల్లెలో వితంతువులు, భర్త వదిలేసినవారు పని లేక ఉన్నారు. ఈ రెంటినీ కలిపి, 1958లో సంక్షిప్త కోర్సులు ప్రారంభమయ్యాయి. ఏళ్ళ తరబడి చదవవలసినది సుమారు రెండేళ్ళలో చదివించి, పరీక్షకు పంపి, ఉద్యోగానికి దారి చూపడం వాటి ఉద్దేశం. తరువాత హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభ ఆధ్వర్యంలో లిటరసీ హౌస్ ఏర్పడి వయోజన విద్యకు నిలయమైంది. నెహ్రూ అక్షరాస్యతా పురస్కారం, 1975లో పద్మవిభూషణ్ ఆమెను వరించాయి. 1981 మే 9న పరమపదించారు.

నేను రామకుప్పం వాడిని. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో గుమాస్తాగా ఎన్నో ఏళ్ళు పనిచేశాను. ఇంట తమిళమో, కన్నడమో మాట్లాడే అమ్మలు, ఏ కాగితం మీద ఏముందో తెలియకుండానే వేలు చాపడం రోజూ చూసేవాడిని. 1978లో జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1990లలో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం వచ్చినప్పుడు, కూలిపని చేసి వచ్చి పలక పట్టుకున్న వారినీ చూశాను. పేరు వ్రాయడం వచ్చినవాళ్ళు మరుసటిసారి కాగితం ఇవ్వగానే ముందు, ఇందులో ఏమి వ్రాశారయ్యా అని అడిగేవారు. ఆ ప్రశ్న కోసమే దుర్గాబాయమ్మ గారు జీవితమంతా పాటుపడ్డారని నాకు అనిపిస్తుంది.

మిత్రులారా, మనం పోయిన తరువాత కుటుంబ పింఛను అందుకొనేది మన ఇంటి ఇల్లాలే. ఏటా జీవన ధృవపత్రం ఇవ్వవలసినది, పాస్‌బుక్కులో అంకెలు చూసుకోవలసినది ఆమే. మన ఇళ్ళలో ఇంకా వేలిముద్ర వేసేవారు ఉంటే, సాయంత్రం ఒక అరగంట వారి పక్కన కూర్చుందాము. ఆమె స్మృతికి ఇంతకన్నా మంచి నివాళి నాకు తోచలేదు.