కోపల్లె హనుమంతరావుగారు

వేమూరు, తెనాలి, రేపల్లె ప్రాంతములు 1904 సంవత్సరమున గుంటూరు జిల్లా యేర్పడువరకు కృష్ణామండలములోనివే. వ్యాజ్యము పడినను, కుమారుని పెద్దచదువునకు పంపవలసినను, ఈ గ్రామములవారు కృష్ణ దాటి బందరు చేరవలసినదే. ఆ బందరులోనే, సర్కారు కొలువునకు దారితీయని చదువును బాలురకు చెప్పింపబూనిన కోపల్లె హనుమంతరావుగారిని, ఏటి కీవలి యొడ్డువారమైన మేమును మావారినిగనే తలచుచున్నాము.

రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు నోబిల్ కళాశాలలో బోధించిన దినములలో బందరు యువకులకు శీలమనిన నొక పట్టుదల యేర్పడెను. ఆ వాతావరణమున పెరిగిన హనుమంతరావుగారు న్యాయశాస్త్రపట్టమును పొందియు, ధనార్జనకు తెరచియున్న ఆ వాకిలిని తమంతట తామే మూసికొనిరి. 1907లో బిపినచంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించిరి. వందేమాతరమన్నందుకు రాజమహేంద్రవరమున విద్యార్థులు కళాశాలనుండి వెడలగొట్టబడిరి. అట్టి బాలురకు చోటేది? ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లతో కూడి హనుమంతరావుగారు 1910లో స్థాపించిన ఆంధ్రజాతీయకళాశాలయే ఈ ప్రశ్నకు సమాధానము.

అందు పుస్తకవిద్యతోపాటు వడ్రంగము, కమ్మరము, నేత, చిత్రలేఖనము నేర్పబడెను. బాడిసె పట్టుట తక్కువవారి పనియనియు, కలము పట్టుట యెక్కువవారి పనియనియు ఇంట నేర్చి వచ్చిన పిల్లవానికి, ఒకే ప్రాంగణమున రెంటిని చేయవలసివచ్చుటయే మొదటి పాఠము. గురువు సన్నిధిని శిష్యుడు మెలగి, ఆయన నడవడిని చూచి నేర్చుకొనవలెనన్నది హనుమంతరావుగారి యాదర్శము. కావున ఉపాధ్యాయుని యెన్నికయే అచట ముఖ్యమయ్యెను. పింగళి వెంకయ్యగారు అచట బోధించిరి. ఎడింబరోనుండి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారును కొంతకాలముండి, అభిప్రాయభేదముచే వెడలిపోయిరి. 1921లో చీరాల పేరాల పోరాటమును నడపినది వీరే. ఇంతటి స్వతంత్రులను ఒకచోట నిలుపుట సామాన్యము కాదు.

అంతకన్న కష్టమైనది తలిదండ్రుల మనస్సు. దొరతనమువారు గుర్తింపని పట్టము ఉద్యోగము నీయదు. పొలమమ్మి కొడుకును చదివించు రైతు దీనికి వెనుదీసెనన్న వానిని పిరికివాడనుట మాకు న్యాయముగ తోచదు. నష్టమును కోరి తెచ్చికొండని పరుల బిడ్డలకు చెప్పుట సులభము. హనుమంతరావుగారు ఆ నష్టమును ముందుగ తామే యనుభవించిరి. ఆ మాట యడుగు హక్కు ఆయనకు కలదనుటకు ఇదియొక్కటి చాలును. చందాలకై ఊరూర తిరుగవలసివచ్చినను ఆయన సంకల్పము సడలలేదు.

1921లో గాంధీమహాత్ముడు బందరు వచ్చెను. సర్కారు బడులను విడువుడని దేశమంతయు నినదించుచుండగా, పదునొకండేండ్ల క్రిందటనే ఆ పనికి పూనుకొన్న పురుషుడు అప్పటికే మిక్కిలి డస్సియుండెను. 1922లో, నడివయసుననే హనుమంతరావుగారు కాలధర్మము నొందిరి. అనంతరము వంగదేశీయుడగు ప్రమోదకుమార ఛటర్జీగారు అచట చిత్రకళను బోధించిరి. ఆయన శిష్యులలో నొకడైన అడివి బాపిరాజుగారు కొన్నియేండ్లకు ఆ కళాశాలకే ప్రధానాచార్యులై వచ్చిరి.