క్షీరపరీక్షకుడు బాబ్కాకు

పాలలో నీరు కలుపుట అను దోషము ఒక దేశమునకు గాని, ఒక కాలమునకు గాని చెందినది కాదు. పాడి ఎక్కడ అమ్మకమునకు వచ్చెనో అక్కడనే ఈ దోషమును పుట్టినది. కొద్దిగా నీరు చేరినను పాలు తెల్లగనే యుండును. కన్ను దానిని పట్టజాలదు. నాలుక ఒకప్పుడు పట్టినను, నాలుక చెప్పిన మాటను తగవు తీర్చువారు సాక్ష్యముగా అంగీకరింపరు. కావున కల్తీ చేసినవాడు నిశ్చింతగా ఇంటికి పోవుటయు, చేయనివాడు అనుమానమునకు గురియగుటయు చిరకాలము సాగినవి. ఈ చిక్కును విప్పుటకు ఒక చిన్న గాజుసీసాను లోకమునకు ఇచ్చినవాడు అమెరికా దేశీయుడగు స్టీఫెన్ మౌల్టన్ బాబ్కాకు.

బాబ్కాకు 1843వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి బ్రిడ్జివాటరు అను ఊరిలో రైతు కుటుంబమున జన్మించెను. టఫ్ట్సు కళాశాలలో చదివి 1866లో పట్టము పొందెను. పిదప ఇంజనీరింగు విద్య నారంభించెను గాని, తండ్రి మరణించుటచే దానిని విడిచి ఇంటికి వచ్చి సేద్యము చూచుకొనవలసి వచ్చెను. పల్లెబ్రదుకుతోడి పరిచయము ఆయనకు పుస్తకముల వలన కలిగినది కాదు. తరువాత రసాయనశాస్త్రముపై మనసు నిలిపి, కార్నెలు విశ్వవిద్యాలయమున కొంతకాలము పనిచేసి, జర్మనీకి పోయి గొట్టింజెను విశ్వవిద్యాలయమున 1879లో డాక్టరు బిరుదమును గడించెను. స్వదేశమునకు మరలి వచ్చి, 1882లో న్యూయార్కు రాష్ట్రపు వ్యవసాయ పరిశోధనాలయమున రసాయనశాస్త్రజ్ఞుడుగా చేరెను. అక్కడనే ఆయనకు పాలపై దృష్టి కలిగెను. కొన్ని సంవత్సరములకు విస్కాన్సిను రాష్ట్రమునుండి పిలుపు రాగా, మాడిసను పట్టణమందలి విశ్వవిద్యాలయమున వ్యవసాయ రసాయనశాస్త్రమునకు ఆచార్యుడయ్యెను.

విస్కాన్సిను ఒకప్పుడు గోధుమపంటకు పేరుపొందిన రాష్ట్రము. ఏటేట ఒకే పైరు వేయుటచే నేల సారము తగ్గెను. పురుగులును పైరును పాడుచేసెను. అంతట రైతులు గోధుమను తగ్గించి పాడిని చేపట్టిరి. ఊరూరను వెన్నతీయు కర్మాగారములు, పాలను విరిచి గట్టిపరచి నిలువచేయు చీజు కర్మాగారములు వెలసెను. అనేకచోట్ల రైతులే చేరి సహకార పద్ధతిపై వీనిని నడపిరి. ప్రతి ఉదయమున చుట్టుపట్ల రైతులు బండ్లపై పాలడబ్బాలను తెచ్చెడివారు. ఆ పాలనన్నిటిని ఒక పెద్ద తొట్టిలో కలిపి, ఎవరెన్ని పౌనులు పోసిరో లెక్కవ్రాసి, ఆ తూకమును బట్టి సొమ్ము పంచెడివారు.

పైకి చూచుటకు ఈ ఏర్పాటు ధర్మముగనే కనబడును; లోపలనున్న అన్యాయము కొంచెము ఆలోచించిన గాని తెలియదు. వెన్నగా మారునది పాలలోని కొవ్వు మాత్రమే. అన్ని ఆవుల పాలలోను అది సమముగా ఉండదు. నూరుపాళ్ళ పాలలో ఒక ఆవు అయిదుపాళ్ళ వెన్న నీయగా, మరియొకటి మూడుపాళ్ళకు మించి ఈయకపోవచ్చును. ఇద్దరు రైతులు నూరేసి పౌనుల పాలు పోసిరనుకొందము. ఒకని పాలలో అయిదు పౌనుల వెన్న కలదు, రెండవవానిలో మూడే. ఇద్దరికిని ముట్టిన సొమ్ము ఒక్కటియే! ఇక మీగడ తీసికొని మిగిలిన పాలు తెచ్చినవానికిని, నూతినీరు కలిపి తెచ్చినవానికిని గూడ తూకము లెక్కనే పైకము దొరకెడిది. చిక్కని పాలు తెచ్చిన రైతు తన పొరుగువాని నీటికి తాను మూల్యము చెల్లించుచుండెను. తన పాలకు విలువలేనప్పుడు మంచి ఆవులను పెంచుట ఎందులకు? మంచి మేత వేయుట ఎందులకు? ఇట్టి ప్రశ్నలు రైతుల మనస్సులో పుట్టసాగెను. ఒకరి నొకరు నమ్మనిచోట సహకారసంఘములు నిలుచునా?

పాలను పరీక్షించుటకు అప్పటికి సాధనమే లేదని తలపరాదు. లాక్టోమీటరు అను తేలుడుగొట్టము వాడుకలో నుండెను. నీటి బరువు 1000 పాళ్ళనుకొన్నచో, అంతే కొలతగల మంచి పాలు ఇంచుమించు 1030 పాళ్ళు తూగును. నీరు కలిపిన పాలలో ఆ గొట్టము మరికొంత లోతునకు మునుగును. అయితే మోసగాడు దీనికిని ఉపాయము పన్నెను. వెన్న నీటికంటె తేలికైనది. కనుక మీగడ తీసివేసిన పాలు మరింత బరువెక్కును. మొదట మీగడ తీసి, పిదప తగినంత నీరు పోసినయెడల, పాలు మరల 1030 పాళ్ళ యొద్దకే వచ్చి నిలుచును. రెండు దొంగతనములు చేసినవానిని లాక్టోమీటరు నిర్దోషియని విడిచిపెట్టుచుండెను. నిజము తేల్చు రసాయన పరీక్షలు ఉన్నమాట వాస్తవమే గాని, వానికి ప్రయోగశాలయు, శిక్షితుడగు పరీక్షకుడును, చాల సమయమును కావలయును. ప్రతిదినము ఉదయమున పదుల కొలది రైతులు వరుస దీరు చోట అవి ఎట్లు పనికివచ్చును?

విస్కాన్సిను వ్యవసాయ పరిశోధనాలయమునకు అధిపతియగు విలియము హెన్రీ ఈ సంకటము నెరిగి, సామాన్యుడు సైతము చేయదగిన పరీక్షను కనుగొనుమని బాబ్కాకును కోరెను. అప్పటికే పలు రాష్ట్రములలో శాస్త్రజ్ఞులు ఈ యత్నములో నుండిరి. బాబ్కాకు పనికి పూనుకొని కొలదికాలముననే ఒక విధానమును సిద్ధపరచెను. విశ్వవిద్యాలయపు మందలోని ఆవుల పాలను వరుసగా పరీక్షించి చూచెను. ఫలితములు సరిగానే యుండెను - ఒక్క ఆవు విషయమున తప్ప. ఆ ఆవుపాలలోని వెన్న మాత్రము పూర్తిగా విడివడలేదు. అన్ని ఆవులయెడ సరిపోయిన పరీక్షను ఒక్క ఆవు కొరకు ఆపనేల అని ఇతరులు తలచిరి. దానిని వెంటనే ప్రకటింపవలెనని హెన్రీ ఆత్రపడెను. బాబ్కాకు ఒప్పుకొనలేదు. ఆ ఆవు వంటి ఆవు ఏ పేదరైతు కొట్టములోనైన ఉండవచ్చును గదా! అట్లున్నచో ఈ పరీక్షయే ఆ రైతుపాలిటి అన్యాయమగును. ఆయన మరల ప్రయోగశాలకు పోయి, ఆ మందలోని ప్రతి ఆవుపాలకును సరియైన లెక్క వచ్చువరకు విశ్రమింపలేదు. 1890 జులైలో గాని ఆ విధానము వెల్లడి కాలేదు.

ఆ పరీక్ష మిక్కిలి సులభమైనది. సన్ననిమెడ గల గాజుసీసా యొకటి. ఆ మెడపై గీతలుండును. 17.6 ఘనసెంటీమీటర్ల పాలను కొలచి అందులో పోయుదురు. దానికి ఇంచుమించు సమముగా గాఢమైన గంధకికామ్లమును మెల్లగా చేర్చుదురు. సీసాను త్రిప్పి కలుపగా, అది తనంతట వేడెక్కి ముదురు గోధుమవన్నెకు మారును. కొవ్వుతప్ప పాలలోని తక్కిన ఘనపదార్థములన్నియు ఆ ఆమ్లమున కరగిపోవును. పిమ్మట సీసాలను చేతితో త్రిప్పు చక్రయంత్రములో అమర్చి వడిగా త్రిప్పుదురు. కవ్వముతో చిలుకునపుడు వెన్న పైకి తేలుటను చూచినవారికి ఇది వింతగా తోపదు; అయితే ఇచట పని చేయునది కవ్వము గాక చక్రవేగము. బరువైన ద్రవము సీసా అడుగునకు పోగా, తేలికయగు కొవ్వు పైకి చేరును. అంతట వేడినీరు పోసి మరల త్రిప్పినయెడల కొవ్వు మెడలోనికి ఎక్కి, పసుపువన్నె స్తంభమువలె నిలుచును. దాని పొడవును గీతలపై చదివిన చాలును. నూటికి ఎన్నిపాళ్ళ వెన్నయో తెలియును. లెక్కకట్టవలసిన పనియు లేదు. ఆమ్లమును చర్మముపై పడనీయకుండ జాగ్రత్తపడవలెనన్నదొక్కటే ఇందలి కష్టము.

ఈ పరీక్షకు పేటెంటు తీసికొనిన యెడల బాబ్కాకునకు అపారమైన ధనము లభించియుండును. ఆయన తీసికొనలేదు. తాను ప్రజల సొమ్ముతో నడచు విద్యాలయమున జీతము గైకొనుచు కనుగొనిన దానిని ప్రజలకే విడిచెను. ఎవరైనను సీసాలు చేయవచ్చును, ఎవరైనను అమ్మవచ్చును. అందుచే కొలది సంవత్సరములలోనే ఆ సీసాలు విస్కాన్సిను దాటి, అమెరికాయందంతటను, ఇతరదేశములలోను వ్యాపించెను. పాలసొమ్మును తూకముతో పాటు వెన్నశాతమును బట్టియు లెక్కకట్టు ఆచారము ఏర్పడెను. నీరు పోసినచో బరువు పెరుగును గాని వెన్న పెరుగదు; కనుక నీరు మోయుట వట్టి శ్రమయే యయ్యెను. పహరా పెట్టినను మానని పనిని లాభము లేదని తెలిసి మానినవారు ఎందరో! నిజాయతీపరులలోను కొందరికి ఈ సీసా వలన మనస్తాపము కలుగకపోలేదు. తాము ముద్దుగా పెంచుకొనిన ఆవు పాలు పలుచనివని అది మొగమోటము లేక చెప్పెను. కాని ఆ రైతులే పిదప ఒక్కొక్క ఆవు పాలను వేరువేరుగా పరీక్షించి, మంచివానిని నిలుపుకొని, మందలను బాగుచేసికొనిరి.

బాబ్కాకు పరీక్ష వెలువడిన కాలముననే స్విట్జర్లండు దేశమున గెర్బరు అను శాస్త్రజ్ఞుడు ఇట్టి పరీక్షనే కొంత భేదముతో రూపొందించెను. అందును గంధకికామ్లము, చక్రవేగము ఉన్నవి. భారతదేశమున హెచ్చుగా వాడుకలోనికి వచ్చినది గెర్బరు పద్ధతి. తెలుగునాట పల్లెలలోని పాలసేకరణ కేంద్రములలో గేదెపాలకు వెన్నశాతమును బట్టి ధర కట్టుట ఈ మార్గమున ఏర్పడినదే. నేడు అనేకచోట్ల సీసాకు మారుగా విద్యుత్తుతో నడచు యంత్రము ఆ అంకెను చూపుచున్నది.

వెన్న ఎంతయో తెలిసినంత మాత్రమున పాలు శుభ్రమైనవని చెప్ప వీలులేదు. ఈ సంగతిని బాబ్కాకు బాగుగ ఎరుగును. చీజు కర్మాగారములలో నొక్కొక్కనాడు తొట్టిలోని సరకంతయు ఉబ్బి, తూట్లుపడి, దుర్గంధము కొట్టెడిది. నూరుమంది పోసిన పాలలో ఏ ఒక్కని డబ్బాలోని మురికియో దానికి కారణము. ఆ ఒక్కడెవడో మాత్రము తెలియకుండెను. 1895 ప్రాంతమున బాబ్కాకు, సూక్ష్మజీవశాస్త్రజ్ఞుడగు రస్సెలు మొదలగు సహచరులతో కలసి దీనికిని ఒక ఉపాయము చూపెను. ఒక్కొక్క రైతు పాలను ఒక్కొక్క సీసాలో వేరుగా ఉంచి, పాలను విరుగజేయు రెన్నెట్టు అను పదార్థమును చేర్చి, ఆ విరుగుడును కొన్ని గంటలు గోరువెచ్చగా ఉంచవలెను. పేడవలనను, కడుగని పాత్రలవలనను చేరిన సూక్ష్మజీవులు ఆ వెచ్చదనములో పెరిగి వాయువును పుట్టించును. తరువాత విరుగుడును కోసి చూచినయెడల, శుభ్రమైన పాలది నున్నగా ఉండును. మురికిపాలది సూదిబెజ్జములతో నిండి, చెడువాసన కొట్టును. అపుడు కర్మాగారపువారు రైతును పిలిచి అతని సీసాను అతనికే చూపెడివారు. కొట్టము, పొదుగు, డబ్బా - ఈ మూటిలో దోషమెచ్చటనున్నదో వెదకుట అతని వంతయ్యెను.

బాబ్కాకు పశువుల మేత విషయమునను సందేహజీవియే. ఆ కాలపు శాస్త్రజ్ఞులు మేతలోని మాంసకృత్తులు, పిండిపదార్థములు, కొవ్వులు లెక్కకట్టి, ఆ లెక్కలు సమానమైనచో మేతలును సమానమే యనెడివారు. ఆయన దానిని నమ్మలేదు. ఆయన ప్రేరణచే 1907లో హార్టు మున్నగు సహచరులు 16 పెయ్యలను నాలుగు గుంపులుగా విభజించి ఒక గుంపునకు మొక్కజొన్న, ఒక గుంపునకు గోధుమ, ఒక గుంపునకు ఓట్సు, నాల్గవదానికి ఈ మూటిని కలిపి పెట్టిరి. కాగితముపై నాలుగు మేతలును సమానములే. కాని మొక్కజొన్న తిన్నవి బలిసి ఆరోగ్యవంతములగు దూడలను ఈనెను. గోధుమ తిన్నవి క్షీణించెను, వాని దూడలు బ్రదుకలేదు. 1911 వరకు సాగిన ఈ ప్రయోగము, రసాయన లెక్కలకు అందని పదార్థములేవో ఆహారమున కలవని స్పష్టముచేసెను. దానిలో పాల్గొనిన మెక్కాలము అను శాస్త్రజ్ఞుడు తరువాత ఏ విటమిను కనుగొన్నవారిలో నొకడయ్యెను.

విస్కాన్సిను రాష్ట్రము ఆయనకు పతకము నిచ్చి గౌరవించెను. 1913లో ఉద్యోగమునుండి విరమించిన పిదపను ఆయన ప్రయోగశాలకు పోవుట మానలేదు. బేసుబాలు ఆట చూచుటయన్న మిక్కిలి మక్కువ. గట్టిగా నవ్వుట ఆయనకు అలవాటు. ఇంటియొద్ద హాలీహాకు పూలమొక్కలను శ్రద్ధతో పెంచెడివాడు. 1931 జులై నెలలో, తన 87వ యేట, మాడిసనులో ఆయన కాలధర్మము నొందెను. తాను నివసించిన ఇంటిని విశ్వవిద్యాలయమునకు వ్రాసియిచ్చియుండుటచే, పిమ్మట అది వ్యవసాయవిద్య నభ్యసించు విద్యార్థులకు వసతిగృహమయ్యెను.