ఖడ్గంలో కళను చూచిన నవాబు: మూడవ సాలార్‌జంగ్

హైదరాబాదు రాజ్యానికి దివానులుగా పనిచేసిన సాలార్‌జంగులు ముగ్గురు. మొదటివారు పరిపాలనా సంస్కరణలతో కీర్తి గడించగా, మూడవవారైన నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ కళావస్తు సేకరణతో చిరస్మరణీయులైనారు.

ఆయన 1889 జూన్ 13న పూనాలో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. 1912లో ఏడవ నిజాం ఆయనను ప్రధానమంత్రిగా నియమించినపుడు వయస్సు ఇరువది మూడేండ్లు మాత్రమే. 1914లో ఆ పదవిని విడిచిపెట్టారు. వివాహమాడలేదు. మిగిలిన జీవితాన్నీ, అపారమైన సంపదనూ కళాసేకరణకే అర్పించారు.

ఆ సేకరణలో ఆయుధాలది విశిష్ట స్థానం. జహంగీరుదిగా ప్రసిద్ధి పొందిన పచ్చరాతి పిడిబాకు వంటి మొగలాయి వస్తువుల సరసనే జపాను సమురాయి ఖడ్గాలకూ చోటు లభించింది. జపాను ఖడ్గంలో అలుగు ఎంత ఘనమైనదో, దాని అలంకరణ అంత సూక్ష్మమైనది. పిడికి సముద్రపు చేప గరుకు చర్మాన్ని తొడిగి, పైన పట్టుదారం అల్లుతారు. పిడికీ అలుగుకూ నడుమ ఉండే లోహపు బిళ్ళపై పూలు, పక్షులు చెక్కుతారు. రాగిలో కొద్దిపాటి బంగారం కలిపి, రసాయన ద్రావణంతో దానికి నీలినలుపు తెప్పిస్తారు. మన బిదరీ పనివారు తుత్తునాగంలో రాగి కలిపి, కోటమట్టితో నలుపు తెప్పించే విధానం ఇక్కడ స్ఫురించక మానదు. పిడిని పట్టి ఉంచేది చిన్న వెదురు మేకు. దానిని తీస్తే పిడి ఊడివస్తుంది. అందుచేత ఒకే అలుగు తరతరాలుగా కొత్త అలంకారాలు ధరించగలిగేది.

1876లో జపాను ప్రభుత్వం సామాన్యంగా బహిరంగ ఖడ్గధారణను నిషేధించింది. ఖడ్గశిల్పుల జీవనోపాధి దెబ్బతిన్నది. అనేక ఖడ్గాలు విదేశాలలోని సేకర్తల చెంతకు చేరాయి. ఆయుధంగా పని ముగిసిన ఖడ్గం కళావస్తువుగా నిలిచింది. ఆ విలువను గుర్తించినవారిలో మన నవాబు ఒకరు.

1949 మార్చి 2న ఆయన మరణించారు. సంతానం లేనందున ఆ నిధి చెల్లాచెదరు కాగల ప్రమాదం ఏర్పడింది. కాని అది ప్రజల సొత్తయింది. 1951 డిసెంబరు 16న ప్రధాని నెహ్రూ దివాన్ దేవిడీలో ప్రదర్శనశాలను ప్రారంభించారు. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యంగల సంస్థగా ప్రకటించింది. 1968లో అది మూసీ ఒడ్డున నూతన భవనానికి తరలింది.

జపాను శిల్పులలో అనేకులు తమ పనిపై పేరు చెక్కుకున్నారు. నిజామాబాదు సీమలోని కోనసముద్రం ఉక్కు పారశీక దేశందాకా పోయి ఖడ్గాలైనా, దానిని కరగించిన కమ్మరుల పేర్లు మనకు దక్కలేదు. చండ్రుగొండ పరిసరాలలో కొలిమి ముందు కూర్చున్న వృద్ధుని పేరునూ, పనితనాన్నీ వ్రాసి ఉంచుటకు నవాబు సంపద అవసరం లేదు. విద్యార్థి చేతిలోని కలం చాలును.