మట్టి పొరల్లో మనిషి జాడ వెదికిన గురువు

మన పిల్లలు బడిలో రాతియుగం గురించి చదువుకుంటారు. అదే వారం సత్యోపదేశ తరగతిలో ఆదాము ఏవల గురించి వింటారు. ఇంటికొచ్చి రెండింటిలో ఏది నిజమని అడిగితే, మనలో చాలామందిమి మాట దాటవేస్తాం. ఆ ప్రశ్నను జీవితమంతా మోసిన గురువు ఒకరున్నారు. ఆయనే యేసు సభకు చెందిన ఫాదర్ పియేర్ తెయార్ ద షార్దాన్ గారు.

1881 మే 1న ఫ్రాన్సు దేశంలోని ఓవెర్ను ప్రాంతంలో జన్మించారు. పదకొండు మంది సంతానంలో నాలుగవవారు. తండ్రి రాళ్లను, పురుగులను, మొక్కలను పరిశీలించడం నేర్పారు. తల్లి యేసు తిరుహృదయ భక్తి నేర్పింది. పసితనంలో ఆయన ఇనుప ముక్కలు దాచుకునేవారు. ఇనుము ఎన్నటికీ చెడదని ఆ పసివాని నమ్మకం. అది తుప్పు పట్టడం చూసి ఏడ్చి, రాళ్లమీద మనసు పెట్టారు.

1899లో యేసు సభలో చేరి, 1911లో ఇంగ్లండులోని హేస్టింగ్సులో గురుపట్టం పొందారు. ఆ దగ్గరలోనే పిల్ట్‌డౌన్ అనేచోట ఆదిమానవుని పుర్రె దొరికిందని అప్పట్లో పెద్ద సంచలనం. 1913లో అక్కడి గులకరాళ్లలో ఒక కోరపన్ను ఈయన కంటబడింది. అదంతా మోసమనీ, పన్నును ఎవరో అరగదీసి రంగు పూశారనీ 1953లో తేలింది. ఈయనను అనుమానించినవారూ లేకపోలేదు. 2016లో వెలువడిన పరిశోధన మాత్రం ఆ పుర్రెను లోకానికి చూపిన డాసన్ అనే లాయరు వైపే వేలు చూపింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులను స్ట్రెచరు మీద మోశారు. పతకాలు వచ్చాయి. 1922లో డాక్టరేటు పొందారు.

1923లో చైనా వెళ్లారు. అక్కడ అదే సభకు చెందిన ఫాదర్ ఎమిల్ లిసాన్ గారితో కలిసి, కంచరగాడిదల మీద ఓర్డోస్ ఎడారికి ప్రయాణమయ్యారు. అక్కడి నేల గాలి మోసుకొచ్చిన పసుపుపచ్చని దుమ్ము. వేల ఏండ్లుగా పొర మీద పొర పేరుకుంది. అడుగు పొర పాతది, పై పొర కొత్తది. షుయ్‌డొంగౌ అనేచోట వాగు కోసిన గట్టులో, మట్టి కింద లోతున పొయ్యిల బూడిద, చెక్కిన రాళ్లు, ఉష్ట్రపక్షి గుడ్ల పెంకులు కనిపించాయి. దానంతటది పగిలిన రాయికీ, మనిషి కొట్టిన రాయికీ తేడా ఉంది. చేతిదెబ్బ తిన్న పెచ్చు మీద దెబ్బ పడినచోట చిన్న ఉబ్బు ఉంటుంది. అంచుల వెంట వరుసగా చెక్కిన గుర్తులుంటాయి. చైనాలో పాత రాతియుగపు మనిషి నివసించాడని రుజువైంది అలాగే.

ఆ ఎడారిలోనే పూజ చేయడానికి అప్పద్రాక్షారసాలు లేని రోజున, లోకమంతటి శ్రమనూ బాధనూ దేవునికి అర్పిస్తూ ఒక ప్రార్థన రూపొందించారు.

తిరిగి వచ్చాక కష్టం మొదలైంది. జన్మపాపం గురించి తన ఆలోచనలుగా రాసుకున్న కొన్ని పేజీలు రోముకు చేరాయి. ప్రచురణకు రాసినవి కావవి. పారిసులో బోధన మానుకోమని సభ పెద్దలు ఆదేశించారు. పెద్దల భయానికీ కారణం ఉంది. జన్మపాపం చిన్న విషయం కాదు. సభ వదిలేయమన్న స్నేహితులున్నారు. ఆయన వదలలేదు. కోరిన కాగితం మీద సంతకం చేసి, 1926లో మళ్లీ చైనా వెళ్లారు.

పెకింగు దగ్గర జౌకౌడియన్ గుహలో 1929 డిసెంబరు 2న పెయ్ వెన్‌జొంగ్ అనే చైనా శాస్త్రజ్ఞునికి ఆదిమానవుని పుర్రె దొరికింది. ఆ తవ్వకాలకు భూగర్భ శాస్త్ర సలహాదారు మన ఫాదరుగారే. సున్నపురాతి గుహ మట్టిలో తెల్లని పలుగురాయి ముక్కలు దొరికాయి. ఆ రాయి గుహలో పుట్టేది కాదు. ఎవరో బయటినుంచి తెచ్చి ఉండాలి. ఇలాంటి జాడల కోసమే 1935లో మన దేశానికి వచ్చి నర్మదా లోయలోనూ తిరిగారు.

తన ముఖ్యగ్రంథాన్ని ప్రచురించడానికి అనుమతి అడిగారు. 1948లో రోముకు స్వయంగా వెళ్లినా దొరకలేదు. 1950లో 12వ పయస్ పోపు గారు తమ లేఖలో, మానవ శరీరం పూర్వపు ప్రాణినుంచి వచ్చిందా అని పరిశోధించవచ్చనీ, ఆత్మను మాత్రం దేవుడే నేరుగా సృష్టిస్తాడనీ బోధించారు. పిల్లలడిగితే తల్లిదండ్రులు చెప్పదగిన మాట ఇది. మానవులందరూ ఒకే ఆదామునుంచి రాలేదనే అభిప్రాయాన్ని మాత్రం ఆ లేఖ అంగీకరించలేదు.

ఫాదరుగారు 1955 ఏప్రిల్ 10న, ఉత్థాన ఆదివారం నాడు న్యూయార్కులో కన్నుమూశారు. సమాధికి వచ్చినవారు కొద్దిమందే. ఆ ఏడాదే పుస్తకం అచ్చయింది. ఆయన రచనలను జాగ్రత్తగా చదవాలని 1962లో రోము హెచ్చరించింది. 2023 సెప్టెంబరులో మంగోలియాలో పూజ చేసిన పోపు ఫ్రాన్సిస్ గారు, అక్కడికి దగ్గరలోని ఓర్డోస్‌లో నూరేండ్ల కిందట ఈ గురువు చేసిన ప్రార్థనను జనం ముందు గుర్తు చేసుకున్నారు.