మొహతర్ఫా బాధను లండనుకు వినిపించిన వర్తకుడు

కొమరోలు: బజారులో అంగడి పెట్టుకుని పంచాయతీకి పన్ను కట్టే చిల్లర వర్తకునికి నేడు ఓటు ఉంది. కుంపిణీ దొరతనంలో పన్నే గాని ఓటు లేదు. ఆ అన్యాయంపై సొంత సొమ్ము వెచ్చించి పోరాడిన తెలుగువాడు కీ.శే. గాజుల లక్ష్మీనరసు శెట్టి.

ఆయన 1806లో మద్రాసులో జన్మించారు. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు, బట్టల వ్యాపారి. కుమారుడు ఆ వ్యాపారంలో చేరి బాగా గడించారు. 1844లో క్రెసెంట్ అనే ఇంగ్లీషు పత్రికను స్థాపించారు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను నెలకొల్పి, ఆ ఏడాదే ప్రజల కష్టాలను వివరిస్తూ బ్రిటిష్ పార్లమెంటుకు మహజరు పంపించారు.

మహజరులో ముఖ్యమైనది మొహతర్ఫా పన్ను. కంభం, గిద్దలూరు ప్రాంతాలు అప్పుడు కడప జిల్లాలో ఉండేవి. 1858లో కర్నూలు జిల్లాలో చేరాయి. చెన్నపట్నం రాజధానిలోని జిల్లాల్లో సాలెవారు, వడ్రంగులు, కమ్మరులు, అంగడివారు, చివరకు దారి పక్కన సరుకు అమ్ముకునేవారు సైతం ఈ పన్ను చెల్లించాలి. కొందరికి పనిముట్లపైన, కొందరికి అమ్ముకునే అనుమతిపైన పన్ను. పనిముట్టు ఖరీదుకు ఆరు రెట్ల పన్ను పడుతున్నదని మహజరు మొర పెట్టుకుంది.

పన్ను వసూలుకు రైతులను ఎండలో నిలబెట్టడం, వేళ్ళను కిట్టికర్రలతో నొక్కడం జరిగేది. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ మద్రాసు వచ్చినప్పుడు శెట్టిగారు ఆయనను జిల్లాలకు తీసుకువెళ్ళి బాధితులను చూపించారు. ఈ విషయం పార్లమెంటులో చర్చకు వచ్చింది. విచారణ కమిషన్ ఏర్పడి, హింస నిజమేనని 1855లో నివేదిక ఇచ్చింది. 1860లో ఆదాయపు పన్ను వచ్చిన దరిమిలా మొహతర్ఫా కూడా తొలగిపోయింది.

శెట్టిగారిని 1863లో మద్రాసు శాసనసభకు ప్రభుత్వమే నియమించింది. పన్ను కట్టే ప్రజలు ఎన్నుకునే హక్కు అప్పటికీ లేదు. ప్రజాకార్యాలకే ఆస్తి హరించుకుపోగా, 1868లో ఆయన పేదరికంలో కన్నుమూశారు.

పంచాయతీ ఎన్నికల్లో సామాన్య వర్తకుడు వేసే ఓటు వెనుక ఇటువంటివారి కష్టార్జితం ఉంది.